బలుపును వాపనుకునే జబ్బు

ఉమ్మడి నల్లగొండ జిల్లాలో వేళ్లు వంగిపోయిన పిల్లవాడో, మోకాళ్లు వంకరపోయి తూగుతూ నడిచే ఆడపిల్లో కనబడితే కారణం ఏమిటని ఆరా తీసేవారు అరుదు. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ తరాల తరబడి అక్కడి ఎముకలను పట్టి పీడించడం వల్ల, బొక్కలకు సంబంధించిన ఏ వైకల్యానికైనా ఒకే జవాబు అందరి నోటా సిద్ధంగా ఉంటుంది. చాలాసార్లు ఆ జవాబు సరైనదే. అయితే నీటితో ఏ సంబంధమూ లేకుండా, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు సంక్రమించి, సాధారణంగా మూడో ఏటికీ ఎనిమిదో ఏటికీ మధ్య మెల్లగా బయటపడి, యవ్వనం వచ్చేసరికి తుంటినీ వెన్నునూ కూడా బిగించివేసే జబ్బు ఒకటి తెలుగు కుటుంబాల్లో ఉంది. అది కొందరు వైద్యుల లెక్కలో కీళ్లవాతంగాను, ఊరివాళ్ల లెక్కలో ఫ్లోరైడ్ జబ్బుగాను చెలామణి అవుతూ ఉండగానే, అసలు పేరు తెలియకుండా ఏళ్లు గడిచిపోతాయి. ఆ జిల్లాలోని రామన్నపేట వంటి చోట ఈ రెండు పొరపాట్లకూ తావుంది కాబట్టి, అక్కడి పాఠకులు దీని ఆనవాళ్లను తెలుసుకోవడం మిగిలినవారికంటే ఎక్కువ అవసరం.

ఈ జబ్బుకు వైద్యశాస్త్రం పెట్టిన పేరు ప్రోగ్రెసివ్ సూడోర్యూమటాయిడ్ డిస్‌ప్లేసియా. పలకడానికి కష్టమైనా జబ్బు గుణమంతా పేరులోనే ఉంది; ‘ప్రోగ్రెసివ్’ అంటే నానాటికీ ముదిరేది, ‘సూడోర్యూమటాయిడ్’ అంటే కీళ్లవాతంలా కనిపిస్తూ కీళ్లవాతం కానిది, ‘డిస్‌ప్లేసియా’ అంటే ఎముక, మృదులాస్థి ఉండవలసిన తీరులో రూపుదిద్దుకోకపోవడం. వైద్యులు క్లుప్తంగా పీపీడీ అంటారు. బ్రిటన్‌లో రూత్ విన్-డేవిస్ తదితరులు 1982లోను, జర్మనీకి చెందిన యూర్గెన్ స్ప్రాంగర్ బృందం 1983లోను దీన్ని వేరే వ్యాధిగా గుర్తించి వివరించేదాకా, ఈ పిల్లల్లో చాలామంది బాల్యపు కీళ్లవాతం రోగుల జాబితాలోనే ఉండిపోయారు. పది లక్షల మందిలో ఒకరికి ఉండవచ్చునని బ్రిటన్‌లో వేసిన అంచనా వైద్యగ్రంథాల్లో తరచుగా కనిపిస్తుంది గాని, దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు వాడుకలో ఉన్న మధ్యప్రాచ్య దేశాల్లోను, టర్కీలోను, భారతదేశంలోను ఇది అంతకంటే ఎక్కువగానే బయటపడుతోంది.

బిడ్డ పుట్టినప్పుడు ఏ లోపమూ కనిపించదు. బరువు, పొడవు, ముఖం అన్నీ మామూలుగానే ఉంటాయి. మెడ నిలపడం, కూర్చోవడం, అడుగులు వేయడం, మాటలు రావడం వయసుకు తగినట్టే జరిగిపోతాయి. పుట్టుకతోనే జన్యువులో ఉన్న లోపం పుట్టుకతోనే కనబడకపోవడం వల్ల, రెండు మూడేళ్లు చక్కగా పరుగెత్తిన పిల్లకు వంశపారంపర్య వ్యాధి ఎలా వస్తుందని కుటుంబం నమ్మలేకపోతుంది. ఎముక పెరుగుతున్నకొద్దీ, కీళ్ల మీద బరువు పడుతున్నకొద్దీ లోపం బయటపడుతుందే తప్ప, జబ్బు బయట నుంచి కొత్తగా వచ్చి చేరినది కాదు. మొదటి గుర్తులు కూడా ఎవరినీ భయపెట్టవు: తోటివారితో సమానంగా ఆడలేక త్వరగా అలసిపోవడం, సాయంత్రానికి కాళ్లు నొప్పులనడం, నడకలో కొంచెం తూగు, కింద కూర్చున్న పిల్ల లేచేటప్పుడు ఆసరా వెతుక్కోవడం. వీటిని బలహీనత కింద జమకట్టి టానిక్కులతోను, సూదులతోను సరిపెట్టే కాలం ఒకటి నడుస్తుంది.

తర్వాత వేళ్ల వంతు వస్తుంది; ఈ జబ్బును పట్టి ఇచ్చేవి కూడా వేళ్లే. చేతి వేలికి మధ్యనున్న కణుపు, అంటే గుప్పిట మూసినప్పుడు వంగే నడిమి కీలు, రెండు పక్కలకూ లావెక్కుతుంది. చూపుడు వేలి నుంచి చిటికెన వేలి దాకా కణుపులన్నీ కొట్టొచ్చినట్టు కనబడతాయి. వాపును చూసి బలుపనుకోవడం లోకంలో ఉన్న పొరపాటే గాని, ఇక్కడ జరిగేది దానికి తలకిందులు. ఎముక కొన బలిసి కీలు లావైతే, చూసినవారు దాన్ని వాపు అనుకుంటారు. తేడా తెలియడానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. బిడ్డ వేలి కణుపును బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పట్టుకుని మెల్లగా నొక్కితే, కీళ్లవాతంలోనైతే చర్మం కింద మెత్తగా, నీరు చేరినట్టుగా, కొంత వెచ్చగా తగులుతుంది. పీపీడీలోనైతే రాయిలా గట్టిగా ఎముకే తగులుతుంది, వెచ్చదనం ఉండదు, ఎరుపు ఉండదు, నొక్కినందుకు పిల్ల చేయి వెనక్కు లాక్కోదు. కొన్ని నెలలకో, ఏళ్లకో ఆ వేళ్లు పూర్తిగా చాపడానికి రాకుండా వంగి నిలిచిపోతాయి, గుప్పిట కూడా గట్టిగా మూసుకోదు.

ఇంట్లోవారి కంటే బడిలో టీచరుకు ఇది ముందుగా కనబడే అవకాశం ఎక్కువ. మునుపు చకచకా రాసిన పిల్ల పెన్సిలును పిడికిట్లో పట్టుకుని రాయడం, మధ్యాహ్న భోజనంలో అన్నం కలిపి ముద్ద చేయలేక మెతుకులు ఏరుకున్నట్టు తినడం, చొక్కా గుండీలు పెట్టుకోలేక పక్కవారి సాయం అడగడం, ప్రార్థన వేళ బాసింపట్టు వేసుకుని కూర్చోలేక కాళ్లు చాపుకోవడం, ఇవన్నీ బద్ధకం లెక్కలోనో, పెంకితనం లెక్కలోనో చేరిపోతుంటాయి. ఉదయం లేచేసరికి కీళ్లు బిగుసుకుపోయి ఉండటం కూడా కొందరిలో కనిపిస్తుంది. అసలే కణుపులు లావుగా ఉన్న పిల్లలో ఈ బిగుతు కూడా తోడైతే, కీళ్లవాతమన్న అనుమానం వైద్యుడిలో ఇంకా బలపడుతుంది.

బాల్యపు కీళ్లవాతం అనేది రోగనిరోధక వ్యవస్థ పొరపాటున సొంత కీళ్ల లోపలి పొర మీదనే దాడి చేయడం వల్ల కలిగే జబ్బు. ఆ దాడి జరుగుతున్నప్పుడు చాలామంది పిల్లల్లో రక్తంలో దాని జాడలు తెలుస్తాయి. ఎర్ర రక్తకణాలు ఎంత వేగంగా అడుగుకు చేరుతున్నాయో చూపే ఈఎస్ఆర్ పరీక్షలోను, తాపం ఉన్నప్పుడు కాలేయం ఎక్కువగా తయారుచేసే సీఆర్పీ అనే మాంసకృత్తు పరీక్షలోను అంకెలు పెరుగుతాయి. కొందరికి జ్వరం, దద్దుర్లు, కంటి లోపలి పొరకు మంట కూడా ఉంటాయి. పీపీడీలో రోగనిరోధక వ్యవస్థ ఏ తప్పూ చేయదు, అందుకే ఈ పరీక్షలన్నీ మామూలుగానే వస్తాయి, ర్యూమటాయిడ్ ఫ్యాక్టర్ కూడా ఉండదు. చిక్కు ఏమిటంటే, బాల్యపు కీళ్లవాతంలోనూ కొన్ని రకాల్లో ఈ అంకెలు పెరగకపోవచ్చు. దానితో, పరీక్ష మామూలుగా వచ్చినా జబ్బు అదేనని అనుకుని స్టెరాయిడ్లు, మెథోట్రెక్సేట్ వంటి మందులు మొదలుపెట్టడం జరుగుతుంది. లేని తాపాన్ని ఆర్పడానికి వాడిన ఆ మందులు పీపీడీని ఒక్క అడుగు కూడా ఆపలేవు. పైగా ఎక్కువ కాలం వాడిన స్టెరాయిడ్లు పెరిగే పిల్ల ఎత్తును తగ్గిస్తాయి, ఎముకను గుల్ల చేస్తాయి. అసలే ఎత్తు తగ్గి, ఎముక పలచబడే జబ్బున్న పిల్లకు అంతకంటే అన్యాయం లేదు.

ఇక రెండో పొరపాటు ఫ్లోరైడ్‌ది. ఆ పొరపాటు ఊరికే పుట్టలేదు. దేశంలో నీటి ఫ్లోరైడ్ వల్ల ఎముకలు దెబ్బతినడాన్ని వైద్యులు మొదటిసారి 1937లో అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా నుంచి వివరించగా, నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిస్ మీద ఎ.హెచ్. సిద్దిఖీ వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. నీటి నుంచి ఫ్లోరైడ్‌ను పటిక, సున్నం కలిపి తొలగించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించినప్పుడు దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అన్న పేరే స్థిరపడింది. పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే వైకల్యాన్ని ఫ్లోరైడ్ ప్రాంతాల్లో గమనించి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. ఇంత చరిత్ర ఉన్న జిల్లాలో మోకాలు వంకరపోయిన పిల్లను చూసి ఫ్లోరైడ్ అనుకోవడం తప్పు పట్టవలసిన విషయం కాదు. 2016లో మొదలైన మిషన్ భగీరథ ద్వారా కృష్ణా, గోదావరి జలాలు ఇంటింటికీ చేరిన తర్వాత పుట్టిన పిల్లల్లోనూ అదే జవాబును కళ్లు మూసుకుని వాడటమే తప్పు.

రెండింటినీ వేరుచేసే ఆనవాళ్లు కొన్ని స్పష్టంగానే ఉన్నాయి. ఫ్లోరోసిస్ ఒకే నీళ్లు తాగిన ఊరంతటినీ ఎంతోకొంత తాకుతుంది, ఏళ్ల తరబడి పోగుపడి పెద్దవారిలో ఎక్కువగా బయటపడుతుంది. ఎక్స్‌రేలో ఎముక సాధారణంగా దట్టంగా, తెల్లగా కనిపిస్తుంది, ముంజేతిలోని రెండు ఎముకల మధ్య పొరలోనూ, వెన్ను చుట్టూ ఉన్న స్నాయువుల్లోనూ సున్నం పేరుకుంటుంది. పీపీడీ ఊరిని ముట్టుకోదు. ఒక ఇంటిలో ఇద్దరు ముగ్గురు పిల్లల్లో ఒకరికో ఇద్దరికో వచ్చి, అదే కుండలో నీళ్లు తాగిన మిగిలినవారిని వదిలేస్తుంది. ఎముక దట్టపడటానికి బదులు పలచబడుతుంది. వేళ్ల కణుపులు లావెక్కడం ఫ్లోరోసిస్‌లో ప్రధాన లక్షణం కాదు, పీపీడీలో అదే ప్రధానం. పళ్ల మీది గారను మాత్రం గీటురాయిగా తీసుకోకూడదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఊరిలో పుట్టిన పీపీడీ పిల్లకు పళ్ల మీద పసుపు, గోధుమ మచ్చలు కూడా ఉండవచ్చు, ఆ మచ్చలు నిజంగా ఫ్లోరైడ్‌వే కావచ్చు, అయినా కీళ్ల జబ్బు వేరేది కావచ్చు. ఒకే శరీరంలో రెండు కారణాలు పక్కపక్కన ఉండగలవన్న సంగతి రోగనిర్ణయంలో తరచుగా మరుగున పడుతుంది.

సందేహం తీర్చడానికి మొదటి మెట్టు ఖరీదైన పరీక్ష కాదు, మామూలు ఎక్స్‌రే. చేతుల ఎక్స్‌రేలో వేళ్ల ఎముకల కొనలు వెడల్పై ఉంటాయి గాని, కీళ్లవాతంలో మాదిరిగా అంచులు కొరికినట్టు కనిపించవు. తుంటి ఎక్స్‌రేలో తొడ ఎముక తల పెద్దదై, మెడ పొట్టిదై ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యమైన సాక్ష్యం వెన్నెముక చెబుతుంది: పూసలు ఎత్తు తగ్గి చదునుబారి, ముందు అంచు ముక్కులా పొడుచుకు వస్తుంది. కీళ్లవాతం ఈ విధంగా పూసలను చదును చేయదు. నొప్పి చేతుల్లోను, మోకాళ్లలోను ఉంటే వెన్ను ఎక్స్‌రే ఎవరూ అడగరు గనుక, ఈ సాక్ష్యం చాలాకాలం ఎవరి కంటా పడకుండా ఉండిపోతుంది. మార్క్వియో వంటి మరికొన్ని ఎముకల జబ్బుల్లోనూ పూసలు చదునవుతాయి గాని, వాటిని మూత్ర పరీక్షతోను, ఎంజైమ్ పరీక్షతోను వేరు చేయవచ్చు.

జబ్బు ముదిరే తీరు పిల్లకూ పిల్లకూ కొంత మారినా, దారి దాదాపు ఒకటే. ఎనిమిది, పది ఏళ్ల వయసు వచ్చేసరికి మోచేతులు, మణికట్లు, మోకాళ్లు, తుంటి కీళ్లు ఒక్కొక్కటిగా బిగుసుకుంటాయి. మోకాలు లావెక్కి ముడుచుకోదు, పూర్తిగా చాపడానికీ రాదు, మోకాళ్లు లోపలికో బయటికో వంగుతాయి. నొప్పి పని చేసినప్పుడు, నడిచినప్పుడు పెరిగి, విశ్రాంతితో తగ్గుతుంది. కౌమారంలో వెన్ను వంగడం, నడుము ముందుకు చొచ్చుకురావడం మొదలవుతాయి. చిన్నప్పుడు తోటివారితో సమానంగా ఉన్న ఎత్తు పన్నెండేళ్ల తర్వాత వెనకబడుతుంది, మొండెం పొట్టిగాను, చేతులు దానికి మించి పొడుగ్గాను కనిపిస్తాయి. ఇరవైలలోకి వచ్చేసరికి తుంటి కీలు అరిగిపోయి, అరవై ఏళ్లవారికి చేసే కీలుమార్పిడి శస్త్రచికిత్స అవసరమయ్యే స్థితి చాలామందికి వస్తుంది. కొందరు కర్రతోను, కొందరు చక్రాల కుర్చీతోను తిరుగుతారు. ఇంతలోనూ తెలివి, చూపు, వినికిడి, గుండె చెక్కుచెదరవు, ఆయుర్దాయం తగ్గదు. పదో తరగతి, ఇంటరు, డిగ్రీ చదవగల పిల్ల కీళ్ల కారణంగా బడి మానవలసి వస్తే, ఆ లోపం వ్యాధిది కాదు, బడిలో మెట్లు, మరుగుదొడ్లు కట్టినవారిది.

మూలకారణం ఆరో క్రోమోజోములోని సీసీఎన్6 అనే జన్యువులో ఉంది. పాత పుస్తకాల్లో దీని పేరు డబ్ల్యూఐఎస్‌పీ3. పీపీడీకి ఈ జన్యువే కారణమని అమెరికాలో మాథ్యూ వార్మన్ బృందం 1999లో నిరూపించింది. కీలులో ఎముకకూ ఎముకకూ మధ్యనుండే మృదులాస్థి, బండి ఇరుసుకు కందెన ఎలాగో అలాగ, రాపిడి లేకుండా కదలిక సాగేలా చూస్తుంది. ఆ మృదులాస్థిలోని కణాలు తమ చుట్టూ ఉన్న పదార్థాన్ని సరిగ్గా నిలుపుకోవడానికి సీసీఎన్6 తయారుచేసే మాంసకృత్తు అవసరం. అది లేకపోతే మృదులాస్థి పెరుగుదల దశలోనే క్షీణించడం మొదలై, ఎముక కొనలు వికృతంగా వెడల్పవుతాయి. ఇక్కడ శాస్త్రజ్ఞులను ఇప్పటికీ తికమక పెట్టే విషయం ఒకటుంది: ఎలుకల్లో ఇదే జన్యువును పూర్తిగా తొలగించి చూస్తే, 2005లో వెలువడిన పరిశోధన ప్రకారం, వాటి కీళ్లకు ఏమీ కాలేదు. మనిషి జబ్బును ఎలుకలో పుట్టించి మందు కనిపెట్టే రాచబాట ఈ జబ్బుకు మూసుకుపోవడం, దీనికి నేటికీ మందు లేకపోవడానికి ఒక కారణం.

భారతీయ కుటుంబాల్లో ఈ జన్యువును పరిశీలించిన ముఖ్యమైన అధ్యయనాల్లో ఒకటి హైదరాబాద్‌లోనే జరిగింది. డీఎన్ఏ ముద్రల పరిశోధనకు పేరుపడిన సీడీఎఫ్‌డీకి చెందిన అశ్విన్ దలాల్, తదితరులు 2012లో ప్రచురించిన ఆ అధ్యయనంలో, మాంసకృత్తులోని 78వ స్థానంలోనో 337వ స్థానంలోనో సిస్టీన్ అనే అమైనో ఆమ్లం బదులు టైరోసిన్ చేరే మార్పులు మన దేశపు రోగుల్లో తరచుగా ఎదురయ్యాయి. సిస్టీన్ జంటలు మాంసకృత్తు మడతలను కట్టి ఉంచే ముడుల వంటివి కనుక, ఒక్కటి జారినా మాంసకృత్తు ఆకారం చెడుతుంది. రోగులు వేరువేరు ఊళ్లవారైనా అవే మార్పులు మళ్లీ మళ్లీ కనబడటం గమనించదగ్గది. ఎక్కడో ఒక పూర్వీకుడిలో పుట్టిన లోపం తరాల వెంట నడిచి వచ్చినప్పుడు అలా జరుగుతుంది.

జబ్బు సంక్రమించే పద్ధతిని ఆటోసోమల్ రిసెసివ్ అంటారు. ప్రతి మనిషికీ ఈ జన్యువు రెండు ప్రతులుగా, తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి వస్తుంది. ఒకటి చెడినా రెండోది పని నడిపిస్తుంది కాబట్టి ఆ మనిషికి ఏ జబ్బూ ఉండదు, అతడిని వాహకుడు అంటారు. ఇద్దరు వాహకులు దంపతులైనప్పుడు, ప్రతి గర్భంలోనూ బిడ్డకు రెండు చెడ్డ ప్రతులూ చేరి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఒక బిడ్డకు వచ్చింది కనుక తర్వాతి ముగ్గురికి రాదన్న లెక్క చెల్లదు. ప్రతి కాన్పుకూ ఆ నాలుగో వంతు మళ్లీ మొదటి నుంచి వర్తిస్తుంది. జబ్బు ఆడపిల్లలకూ మగపిల్లలకూ సమానంగా వస్తుంది, లోపం ఇద్దరి వైపు నుంచీ సమానంగా వస్తుంది. అయినా ఇలాంటి బిడ్డ పుట్టిన ఇంట్లో నింద కోడలి మీదనే పడటం చూస్తుంటే, జన్యుశాస్త్రంలోని ఈ ఒక్క వాక్యమైనా అత్తవారిళ్లలో వినిపించవలసిన అవసరం కనిపిస్తుంది.

మేనరికాల మాట ఇక్కడ రాక తప్పదు. మేనమామను పెళ్లాడిన పిల్లకూ అతడికీ సగటున జన్యువుల్లో నాలుగో వంతు, మేనబావ మరదళ్లకు ఎనిమిదో వంతు ఉమ్మడి పూర్వీకుల నుంచి వచ్చినవే అయి ఉంటాయి; ఒకే తాత నుంచో అమ్మమ్మ నుంచో వచ్చిన చెడ్డ ప్రతి ఇద్దరిలోనూ ఉండి, బిడ్డలో రెండూ కలిసే అవకాశం అందువల్ల పెరుగుతుంది. అయితే ‘మాది మేనరికం కాదు, మాకెందుకు వచ్చింది’ అన్న ప్రశ్న ఆసుపత్రుల్లో వినిపిస్తూనే ఉంటుంది. దానికి సమాధానం సీసీఎంబీ శాస్త్రజ్ఞుడు కుమారస్వామి తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ తదితరులు 2017లో నేచర్ జెనెటిక్స్‌లో ప్రచురించిన అధ్యయనంలో ఉంది. దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలకు చెందిన 2,800 మందికి పైగా వ్యక్తుల జన్యువివరాలను పరిశీలించి, 81 సమూహాలు చాలా కొద్దిమంది పూర్వీకుల నుంచే విస్తరించాయని వారు తేల్చారు. అరుదైన వంశపారంపర్య వ్యాధులకు ప్రపంచమంతటా ఉదాహరణగా చెప్పే ఫిన్లాండ్ ప్రజల్లో, అష్కెనాజీ యూదుల్లో కనిపించే దానికంటే కూడా ఆ సమూహాల్లో ఈ ‘స్థాపక ప్రభావం’ తీవ్రంగా ఉంది. కులం లోపలే వందల ఏళ్లుగా సాగిన పెళ్లిళ్ల వల్ల, చుట్టరికం గుర్తులేని ఇద్దరు కూడా జన్యురీత్యా దూరపు బంధువులే అవుతారు. ఆ అధ్యయనం ఇచ్చిన ఉదాహరణల్లో పీపీడీ ఒకటి. ఇందులో ఏ కులానికీ తలవంపు లేదు. ఏ సమూహంలో ఏ లోపం దాగి ఉందో తెలిస్తే అక్కడ దానికి తగిన పరీక్ష పెట్టవచ్చు, తెలియకపోతే అందరూ చీకట్లోనే ఉంటారు.

రామన్నపేట నుంచి రోగనిర్ణయానికి దూరం నిజానికి ఎక్కువ కాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్యబృందాలు అంగన్‌వాడీలకూ, ప్రభుత్వ బడులకూ వెళ్లి పుట్టుకనుంచి పద్దెనిమిదేళ్ల దాకా పిల్లలను పరీక్షిస్తాయి; గుప్పిట మూసి తెరిపించి చూసే అర నిమిషం పని ఆ పరీక్షలో భాగమైతే, ఈ జబ్బు చాలా ముందుగానే దొరుకుతుంది. ఎక్స్‌రేలు దగ్గరలోనే తీయించవచ్చు. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. పంజాగుట్టలోని నిమ్స్‌లో జన్యువైద్య విభాగం ఉంది, బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జన్యువ్యాధుల సంస్థ, ఆసుపత్రి ఉన్నాయి. 2021 మార్చిలో వచ్చిన జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద గుర్తించిన ప్రత్యేక కేంద్రాల్లో సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి ఒకటి. జన్యుపరీక్షకు కావలసింది కొద్దిపాటి రక్తం మాత్రమే. బిడ్డలోని మార్పు ఏదో ఖాయంగా తెలిసిన తర్వాతనే తల్లిదండ్రులు, పెళ్లికావలసిన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు వాహకులో కాదో చెప్పడం, తర్వాతి గర్భంలో పదకొండో వారం తర్వాత మావి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం సాధ్యమవుతాయి. తెలివికీ ప్రాణానికీ ముప్పులేని జబ్బు కనుక, ఆ పరీక్ష చేయించుకోవాలా, ఫలితం వస్తే ఏం చేయాలి అన్నది పూర్తిగా దంపతులకే వదలాలి. వైద్యుడి పని వివరం చెప్పడం వరకే.

మందు లేదన్నంత మాత్రాన చేయగలిగింది లేదనుకోవడం పొరపాటు. కీళ్లు బిగుసుకోకుండా రోజూ చేయించే తేలికపాటి వ్యాయామం, నీళ్లలో ఈదడం, బరువు పెరగకుండా చూసుకోవడం, దూకడం, బరువులు మోయడం వంటి కీలును అరగదీసే పనులు మానడం, నొప్పి ఉన్నప్పుడు నొప్పి మందు, అవసరమైనప్పుడు శస్త్రచికిత్స, ఇవీ నేటి వైద్యం. రామన్నపేట చుట్టుపక్కల చేనేత ఇళ్లలో పిల్లలు కూడా గంటల తరబడి నూలు పనికి కూర్చోవడం కద్దు. ఈ పిల్లలకు ఒకే భంగిమలో వేళ్లతో చేసే ఆ పని మంచిది కాదు. బడిలో నేల మీద బదులు కుర్చీ, లావుపాటి పెన్ను, పరీక్షల్లో అదనపు సమయం లేదా రాసిపెట్టే సహాయకుడు అడిగే హక్కు వారికి ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, కదలికకు సంబంధించినది వాటిలో ఉంది. వైకల్య నిర్ధారణ శిబిరంలో నలభై శాతం, ఆపైన వైకల్యం నమోదైతే పింఛను, రాయితీలకు దారి ఏర్పడుతుంది. అరుదైన వ్యాధుల విధానం కింద ఒక్కో రోగికి 50 లక్షల రూపాయల వరకు ఇచ్చే సాయం మాత్రం చికిత్స ఉన్న నిర్ణీత వ్యాధులకు ఉద్దేశించినది. చికిత్సే లేని జబ్బు ఉన్నవారికి ఆ విధానం పరీక్షకూ సలహాకూ మించి ఇస్తున్నది తక్కువ. కీలుమార్పిడి ఖర్చు, ఏళ్ల తరబడి వ్యాయామ చికిత్స ఖర్చు కూడా అరుదైన వ్యాధి ఖర్చే అన్న సంగతిని ప్రభుత్వాలు ఒప్పుకోవలసి ఉంది.

వేళ్ల కణుపులు గట్టిగా లావెక్కి, రక్తపరీక్షలు మామూలుగా ఉన్న పిల్లకు కీళ్లవాతం మందు రాసే ముందు చేతులు, తుంటి, వెన్నెముక ఎక్స్‌రేలు తప్పక తీయించాలి. ఇప్పటికే స్టెరాయిడ్లు వాడుతున్న పిల్లల తల్లిదండ్రులు, ఇది చదివి అనుమానం కలిగినా, ఆ మందులను ఉన్నపళాన సొంతంగా ఆపకూడదు. హఠాత్తుగా ఆపితే ప్రాణాపాయం ఉంటుంది. పాత చీటీలు, ఎక్స్‌రేలు, రక్తపరీక్షల కాగితాలు అన్నీ ఒక సంచిలో పెట్టుకుని, ఇంట్లో అలాంటి కీళ్లున్న పెద్దవారెవరైనా ఉంటే వారిని కూడా వెంటబెట్టుకుని, జన్యువైద్య విభాగానికి వెళ్లాలి.